పెరటి చెలిమి

తుడియలూరులో మా పెరడు చిన్నది. అందు నేను నాటిన మునగ రెండేండ్లు ఏపుగా పెరిగినదే కాని కాయ కాయలేదు. విసిగి కత్తి చేతబట్టిన నాడు గోడ యవతలినుండి పొరుగింటి పెద్దమ్మ, "తొందరపడవద్దు నాయనా! మొదలు నరకవద్దు, తల నరుకు. నీళ్లు తగ్గించు" అన్నది. అట్లే చేసితిని. మరుసటి వేసవికి కాయలు వ్రేలాడినవి. పెరియకుళమునుండి 1989లో విడుదలయిన పి.కె.ఎం-1 మునగకును, కాపు ముగియగానే మూడడుగుల యెత్తున నరుకుమనియే శాస్త్రజ్ఞులు చెప్పుదురని పిదప తెలిసినది.

తొలి కాయలు తీసికొనిపోగా ఆమె గుప్పెడు గోంగూర విత్తనము లిచ్చినది. మా అమ్మాయి "పుళిచ్చకీరై" అనగా, "కాదమ్మా, గోంగూర అను" అని మూడు మారులు పలికించినది. మా పిల్లలకు తెలుగు అక్షరములు రావు. కాని ఆ గోడయొద్ద వారు నేర్చిన మాట లెన్నియో!

ఇప్పుడా పెద్దమ్మ లేదు. ఆమె గోంగూర యేటేట మొలచుచునే యున్నది. విత్తనమునకు వచ్చినవారికి పేరుకూడ పలికించి యిచ్చుచున్నాను. సోదరులారా, మొక్క వాడినచో నిరాశ చెందకుడు, పొరుగువారి నడుగుడు. మీకు తెలిసినది వారికి చెప్పుడు, మన మాటలోనే చెప్పుడు.