పాలు పోసే చేతులు

నేను పెరిగిన తొంభైల నాటి గాజువాకకు దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చి చేరేవారు. వాళ్లను రప్పించింది విశాఖ ఉక్కు కర్మాగారం. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. మా వీధిలో ఒక వాటాలో ఒడియా వినిపిస్తే పక్క వాటాలో బెంగాలీ, ఎదురింట్లో భిలాయి నుంచి వచ్చినవాళ్ల హిందీ. కర్మాగారానికి భూములిచ్చిన పల్లెల వాళ్లూ ఆ వీధుల్లోనే ఉండేవారు. ఇందరి గుమ్మాల్లోకీ పొద్దున్నే వచ్చి చేరేది విశాఖ డెయిరీ ప్యాకెట్. ఆ డెయిరీ ఎక్కడో కాదు, పక్కనే అక్కిరెడ్డిపాలెంలో. అనకాపల్లి, చోడవరం, యలమంచిలి వైపు పల్లెల పాలు అక్కడికి వచ్చేవి.

మా మామ్మ ఆ ప్యాకెట్‌ను చాన్నాళ్లు నమ్మలేదు. గేదెల్ని సాకి, దాలిలో ఎర్రగా కాగిన పాలకు తోడుపెట్టిన మనిషి. "ఇయ్యేటి పాలే, సేతికి జిడ్డయినా అంటదు!" అనేది. కాచిన గిన్నెలో మీగడ కట్టడం చూశాకే కాస్త మెత్తబడింది.

మాకు మాత్రం పాలంటే టీవీలో పాట. తాగమని హుషారుగా చెప్పే ఆ హిందీ ప్రకటన జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థది. అందులో ఏ కంపెనీ పేరూ ఉండేది కాదు. అర్థం సగమే తెలిసినా ఒడియా పిల్లలతో కలిసి గొంతెత్తి పాడేవాళ్లం. దేశంలోని కళల్ని, ఊళ్లని చూపించే 'సురభి' కార్యక్రమానికి ముందు అమూల్ పేరు వచ్చేది. బళ్లో జనరల్ నాలెడ్జ్ బిట్లలో శ్వేత విప్లవ పితామహుడు వర్గీస్ కురియన్ తప్పనిసరి. 1998లో పాల ఉత్పత్తిలో మన దేశం అమెరికాను దాటింది. గ్లాసుడు పాలు తాగితే దేశానికి మన వంతు చేసినట్టే అనిపించే రోజులవి.

ఆ గర్వం వట్టిది కాదు. 1970లో శ్వేత విప్లవానికి దారితీసిన ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలైంది యూరప్ దేశాలు ఊరికే ఇచ్చిన పాలపొడితో, బటర్ ఆయిల్‌తో. వాటిని అలాగే పంచేసి ఉంటే మన రైతు పాలకు ధర పడిపోయేది. కురియన్ బృందం వాటిని పాలుగా మార్చి పట్టణాల్లో అమ్మించింది. ఆ డబ్బును పల్లెల్లో సొసైటీలకూ శీతల కేంద్రాలకూ పెట్టుబడిగా పెట్టింది. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1946లో పుట్టిన సహకార పద్ధతి అలా దేశమంతా పాకింది. పరాయివాళ్ల దానాన్ని మన బలంగా మార్చుకున్న ఘనత అది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కానీ ఆ ఘనత ఎవరిదో నాకు తెలిసింది చోడవరం దగ్గర మా అత్త వాళ్ల ఊళ్లో. ఇంకా తెల్లవారకుండానే పాల కేంద్రం ముందు ఆడవాళ్లు చెంబులతో, స్టీలు క్యాన్లతో వరసలో నిలబడేవారు. ఎవరి పాలకు వాళ్ల వెన్న శాతం చూసి పుస్తకంలో రాసేవారు, దాన్నిబట్టే ధర. ఊళ్లో ఒకరి గుమ్మం ఒకరు తొక్కని కులాల వాళ్లు ఆ వరసలో ఒకరి వెనక ఒకరు ఉండేవారు. అందరి పాలూ ఒకే క్యాన్‌లో పడేవి. పాల డబ్బు అత్త చేతికే వచ్చేది. పిల్లల ఫీజులు అందులోంచే కట్టేది. ఆవిడకు జ్వరమొచ్చినా గేదెకు సెలవు లేదు, సాయంత్రం మళ్లీ పితకాల్సిందే.

నాకు గుర్తున్నంతలో ఆ టీవీ ప్రకటనలో అందరూ తాగేవాళ్లే. పితికే చెయ్యి కనబడలేదు. దాన్ని చూపించింది 1976 నాటి 'మంథన్'. గుజరాత్‌లో అయిదు లక్షల మంది పాడి రైతులు తలా రెండు రూపాయలు వేసుకుంటే శ్యామ్ బెనగల్ ఆ సినిమా తీశారు. పాలను దేశంతో ముడిపెట్టిన ప్రచారాలన్నిట్లోకీ నా లెక్కలో అదే గొప్పది, ఎందుకంటే పాలు పోసేవాళ్లు తమ కథను తమ డబ్బుతో చెప్పించుకున్నారు.

2014 నుంచి కురియన్ పుట్టినరోజైన నవంబర్ 26ను జాతీయ పాల దినోత్సవంగా జరుపుతున్నారు. గాజువాక బడుల ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆ రోజు వ్యాసరచన పోటీలు పెట్టండి, కాదనను. కానీ ముందురోజు తెల్లవారుజామున పిల్లల్ని అనకాపల్లి వైపు ఏదో ఒక పాల కేంద్రానికి తీసుకెళ్లండి. అక్కడ పాలు పోసే ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్ల పేర్లు అడిగి రాసుకురమ్మనండి.