మసి మండుతుంది, బూడిద మండదు

ముంచింగిపుట్టు మండలంలో బండి హోదా కోసం కొనేది కాదు. సంతకు పసుపు, పిప్పళ్లు, రాజ్మా మోసేది అదే. ఆశ్రమ పాఠశాల దగ్గర పిల్లల్ని దించేది అదే. రోడ్డు లేని ఊరి నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చాక, రోడ్డు మొదలయ్యే చోట ఎదురుచూసేది కూడా చాలాసార్లు ఒక డీజిల్ జీపే. అక్కణ్నుంచి పెదబయలు మీదుగా పాడేరు ఆసుపత్రికి చేరేదాకా అది ఆగకూడదు. అందుకే బండికి వచ్చే జబ్బుల గురించి రాయడం మాకు చిన్న సంగతిగా అనిపించలేదు.

పాత జీపుల జబ్బులు మాకు తెలుసు. రెండు స్పానర్లు, ఒక తీగ ముక్క ఉంటే మా కుర్రాళ్లు దారిలోనే బాగుచేసుకునేవారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణం వచ్చింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల మసి అంతకుముందు 25 మిల్లీగ్రాములు ఉండేది. అది 4.5 మిల్లీగ్రాములకు తగ్గింది. డీజిల్‌లో గంధకం కూడా పది లక్షల పాళ్లలో 50 పాళ్ల నుంచి 10కి దిగింది. ఆ మసిని పట్టడానికి సైలెన్సర్ దారిలో కొత్తగా ఒక డబ్బా చేరింది. దాన్నే డీపీఎఫ్ అంటున్నారు. మేము మసిజల్లెడ అంటాం.

లోపల తేనెపట్టులా సన్నని గొట్టాలుంటాయి. ఒక గొట్టం ఈ చివర మూసి ఉంటే, పక్కది ఆ చివర మూసి ఉంటుంది. పొగ మధ్యగోడలోంచే దూరి పోవాలి. మసి గోడకు అంటుకుంటుంది. అది ఎక్కువైతే ఇంజన్ కంప్యూటర్ కొంచెం డీజిల్ అదనంగా వదిలి, ఆ వేడితో జల్లెడను 600 డిగ్రీల దాకా తీసుకెళ్లి మసిని కాల్చేస్తుంది. ఇందుకు పది నుంచి ఇరవై నిమిషాలు బండి ఆగకుండా నడవాలి. మన పొయ్యి సంగతి గుర్తు తెచ్చుకుంటే చాలు. మసి మళ్లీ మండుతుంది, బూడిద మండదు. ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద జల్లెడలోనే ఉండిపోతుంది. అందుకే కంపెనీ పుస్తకంలో రాసిన, బూడిద తక్కువ ఇచ్చే ఆయిలే పోయాలి.

మా దారులు ఈ పద్ధతికి అనుకూలం కావు. బరువుతో కొండ ఎక్కితే పొగ బాగా వేడెక్కి జల్లెడకు మేలే. కానీ దిగేటప్పుడు అంతా చల్లారిపోతుంది. రెండు కిలోమీటర్లకో ఊరు, ఊరికో ఆగుడు, ఆగిన ప్రతిసారీ ఇంజన్ ఆపుడు. కాల్చుడు సగంలో ఆగితే మసి మిగులుతుంది, మండని డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. కర్రతో చూస్తే ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది. అది లాభం కాదు, ఇంజన్‌కు ప్రమాదం. ఇక డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపి ఘాట్ దిగడం ప్రాణాలకే ముప్పు. బ్రేకూ, స్టీరింగూ బిగుసుకుంటాయి.

మా మూడు కుటుంబాలు కలిసి అప్పు మీద తీసుకున్న బండికి ఒక వానాకాలంలో ఇంజన్ దీపం వెలిగింది. ఎక్కుడులో బలం తగ్గిపోయింది. మైదానంలోని ఒక షెడ్డుకు తీసుకెళ్తే యంత్రం తగిలించి చూశారు. పీ2002 అని కోడ్ వచ్చింది. జల్లెడ సరిగా వడకట్టడం లేదని దాని అర్థం. జల్లెడ పోయింది, కొత్తది వెయ్యాలన్నారు. చెప్పిన ధర మాకు ఒక ఏడాది కాఫీ, మిరియాల డబ్బు. పక్కనున్న ఇంకొకాయన తేలిక దారి చెప్పాడు: "డబ్బా కోసేసి లోపలిది తీసేద్దాం, కంప్యూటర్‌లో కూడా చెరిపేద్దాం. మీ కొండల్లో ఎవరు చూస్తారు?"

మాతో వచ్చిన ఐటీఐ కుర్రాడు ఇంజన్ చల్లారాక సైలెన్సర్ చివర తెల్లగుడ్డతో తుడిచాడు. గుడ్డకు మసి అంటలేదు. జల్లెడ పగిలి ఉంటే గుడ్డ నల్లబడాలి కదా! జల్లెడకు ముందూ వెనకా ఒత్తిడి ఎంత తేడా ఉందో చెప్పే సెన్సార్ ఒకటుంటుంది. దానికి రెండు సన్న గొట్టాలు వెళ్తాయి. ముందువైపు రబ్బరు గొట్టం పగిలి ఉంది. ఒత్తిడి అక్కడే కారిపోతుంటే జల్లెడ ఖాళీగా ఉందని కంప్యూటర్ అనుకుంది. గొట్టం మార్చి కోడ్ చెరిపాక దీపం మళ్లీ రాలేదు. కోడ్ జబ్బు పేరు చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది.

నిజంగానే జల్లెడ పోయి ఉన్నా కోయించేవాళ్లం కాదు. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. మా బండి వెనక నడిచేది మా పిల్లలే. ఎక్కుడులో బండి ఎక్కువ పొగ వదిలే చోటే వాళ్లు బడికి నడుస్తారు. చట్టం కూడా ఊరుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పును ఒప్పుకోదు. కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, కొంతకాలం లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. "కొండల్లో ఎవరు చూస్తారు" అన్న మాట మమ్మల్ని ఎక్కువ బాధించింది. మా గాలికి లెక్క లేదన్నట్టు ఉంది ఆ మాట.

బండి నడిపే తమ్ముళ్లకు కొన్ని మాటలు. జల్లెడ దీపం పసుపుగా వెలిగితే భయపడకండి. వారానికి ఒకసారైనా పాడేరు వైపు ఆగకుండా అరగంట నడపండి. దీపం మెరుస్తూ ఉన్నా, దాంతోపాటు ఇంజన్ దీపం వచ్చినా షెడ్డుకు వెళ్లండి. కాల్చుడు అయిన వెంటనే ఎండుగడ్డి మీద బండి ఆపకండి, అంటుకుంటుంది. కొన్ని బండ్లకు 32.5 శాతం యూరియా ద్రావణం వేరే ట్యాంకులో పోయాలి. అందులో పొలం యూరియా కలిపి పోస్తే పరికరం పాడవుతుంది.

మాస్టార్లకు ఒక విన్నపం. ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువినో మాట్లాడే కుర్రాడు బడిలో తెలుగు నేర్చుకుంటాడు. బండి పుస్తకం మాత్రం ఇంగ్లిషులో వస్తుంది. రెండు భాషలు దాటితే గాని ఆ దీపం అర్థం వాడికి అందదు. ఆ పుస్తకంలో దీపాల బొమ్మలున్న పేజీని తెలుగులో, వీలైతే వాడి భాషలో, గోడ మీద రాయించండి. తొమ్మిదో తరగతి సైన్సు పాఠంలో ఒత్తిడి, ఉష్ణోగ్రత వస్తాయి. ఆ రోజు పిల్లల్ని ఒక జీపు దగ్గరకు తీసుకెళ్లండి. జోలాపుట్టు నుంచి పాడేరు దాకా ఈ బండ్లను బాగుచేసే చేతులు మన పిల్లలవే కావాలి.