తిథి చెప్పి వచ్చే అతిథి

‘కన్యాశుల్కం’ నాటకంలో సంతసామాన్లు కొని తెస్తానని చెప్పి గిరీశం పూటకూళ్ళమ్మ వద్ద పుచ్చుకొన్న సొమ్ము ఇరవై రూపాయలు. ఆ సొమ్ము ఏమయిందో తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆమె చీపురుకట్ట పట్టుకొని మధురవాణి ఇంటికి వచ్చినప్పుడు దెబ్బ తగిలినది సైతం గిరీశానికి కాదు, రామప్పంతులుకు. 1897లో తొలిసారి అచ్చయి, 1909లో పెరిగి పెద్దదయిన ఆ నాటకాన్ని చదివి ఇన్ని తరాలవారు కడుపుబ్బ నవ్వుకొన్నారు. పూటకూళ్ళమ్మ పక్షాన కూర్చొని ఆ పద్దును చూచినవారు మాత్రం అరుదు. వచ్చిపోయేవారికి ఇంత చోటు, ఇంత అన్నం పెట్టి ఆ రాబడితో కాలం వెళ్ళదీసే మనిషికి ఆ రోజులలో ఇరవై రూపాయలంటే సామాన్యమైన మాట కాదు.

పూటకూళ్ళ ఇళ్ళు పోయినవి గాని ఆ వృత్తి పోలేదు. ఇప్పుడు దానిని హోమ్‌స్టే అంటున్నారు. గిరీశం కూడా ఎక్కడికీ పోలేదు.

రాయపూర్ నుంచి దుర్గ్ వెళ్ళే పెద్దరోడ్డు మీద ఖారున్ నది దాటిన తరువాత, భిలాయి ఇంకా రాకముందే తగిలే ఊరు కుమ్హారి. పేరు వినగానే తెలుగు చెవికి కుమ్మరి స్ఫురిస్తాడు. ఈ ప్రాంతంలో తెలుగువారి కథ ఉక్కుతో ముడిపడి ఉన్నది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ సంవత్సరాలలో ఉత్తర కోస్తా పల్లెలనుంచి పనికోసం వచ్చినవారు ఇక్కడే పిల్లలను చదివించుకొన్నారు, భిలాయి సెక్టర్ 5లో బాలాజీకి గుడి కట్టుకొన్నారు, ఇంట తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ మూడవ తరానికి వచ్చారు. ఉద్యోగ విరమణ తరువాత కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, చుట్టుపక్కల ఊళ్ళలో సొంత ఇల్లు కట్టుకొన్నవారు ఎందరో.

అటువంటి ఇల్లు ఒకటి కుమ్హారిలో ఉన్నది. ఇంటాయన రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి విరమించినవాడు. పిల్లలు దూరదేశాలలో ఉన్నారు. మేడమీద రెండు గదులు ఖాళీ. రాయపూర్ శివార్లలోని టాటీబంధ్‌లో 2012లో ఎయిమ్స్ వైద్యసంస్థ వచ్చిన తరువాత రోగుల వెంట వచ్చేవారికి వసతి అవసరం పెరిగింది. టాటీబంధ్ కుమ్హారికి దగ్గర. రోజుకు ఆరువందలు, భోజనం కావాలంటే వేరు. లెక్కంతా ఇల్లాలిదే. పొడుగాటి పద్దుపుస్తకం ఒకటి పెట్టుకొని, వచ్చిన తేదీ, పోయిన తేదీ, ఇచ్చినది, రావలసినది అని నాలుగు గళ్ళు గీచి ఆమె స్వయంగా రాసుకొంటుంది.

హిందీలో మాట్లాడే ఏ అతిథినైనా ఆమె మొదట అడిగేది రెండే: ఆధార్ కార్డు, మూడు రోజుల అడ్వాన్సు. ఈ నియమాన్ని ఆమె ఎన్నడూ తప్పలేదు, ఒక్కసారి తప్ప. ఆ రోజు గేటు వద్ద నిలబడిన ఏభయ్యేళ్ళ మనిషి, “పిన్నిగారూ, మీది టెక్కలి వైపు మాటలా ఉందే!” అన్నాడు. అంతటితో నియమం కరిగిపోయింది. భార్యను ఆసుపత్రిలో చేర్పించానని, గాభరాలో కార్డు ఇంటివద్దనే మరచిపోయానని చెప్పాడు. చంకలో వైద్యుల కాగితాల కట్ట ఉన్నది. ఆమె దానిని విప్పి చూడలేదు. జబ్బు మనిషి కాగితాలు అడిగి చూడడం మర్యాద కాదని ఆమెకు తోచింది.

అతడు పదకొండు రోజులు ఉన్నాడు. నాలుగవనాడు ఫోనులో ఒక స్క్రీన్‌షాట్ చూపించాడు: ఆరువేలు చెల్లించినట్టు పచ్చని గుర్తు. ఇంటాయన ఫోనుకు బ్యాంకు సందేశం రాలేదు. “సర్వరు మొరాయిస్తోందండి, రేపటికి పడుతుంది” అన్నాడు. ఏడవనాడు ఏదో పరీక్ష చేయించాలని రెండువేలు చేబదులు అడిగాడు. ఆమె ఇచ్చింది. రోజూ ఉదయం క్యారియరులో గంజి పోసి ఇచ్చేది. సాయంత్రం అతడు క్యారియరును శుభ్రంగా కడిగి తెచ్చేవాడు. పన్నెండవనాడు తెల్లవారేసరికి గది తలుపు దగ్గరగా వేసి ఉన్నది. ఒక రగ్గు, నీళ్ళు కాచుకొనే కెటిల్ అతనితోనే పోయినవి. ఫోను మోగలేదు.

ఆ ఇంట ఇప్పటికీ తేలనిది ఆ క్యారియరు విషయం. ఆసుపత్రిలో ఆ భార్య నిజంగా ఉన్నదా? గంజి ఎవరు తాగారు? కట్టుకథ అయితే అంత శ్రద్ధగా గిన్నెలు కడిగి తేవలసిన పని లేదని ఇల్లాలి వాదం. నమ్మించడానికే కడిగాడని ఇంటాయన వాదం. జబ్బు నిజమై, చెల్లింపు మాత్రమే అబద్ధమై ఉండవచ్చు. లేమి మనిషిని ఏ మెట్టు వరకు దింపుతుందో ఆ మెట్టు మీద నిలబడనివారు చెప్పలేరు. అయితే, అతడు నిజంగా అవసరంలో ఉన్నవాడయినంతమాత్రాన దొంగ స్క్రీన్‌షాట్ మంచిదైపోదు. ‘నా దగ్గర లేదమ్మా, తరువాత పంపుతాను’ అని ఉంటే ఆమె కాదనేది కాదు. ఆమెను బాధించినది కూడా అదే.

ఇటువంటి ఫిర్యాదుకు చట్టంలో ఉన్న చోటు చిన్నది. మోసానికి మన నోట పేరుగా మిగిలిన ‘ఫోర్ ట్వంటీ’ సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318గా మారింది. నాలుక మాత్రం ఇంకా మారలేదు. అంకె ఏదయినా సూత్రం ఒకటే: అద్దె ఎగవేయడం దానంతట అది మోసం నేరం కాదు, మొదటినుంచీ వంచన ఉద్దేశం ఉన్నదని తేలాలి. లేదంటే అది సివిలు బాకీ. ఆ స్క్రీన్‌షాట్ వంచనకు సాక్ష్యమయ్యేదే. కాని అది అతని ఫోనులో ఉన్నది, ఆమె ఫోనులో లేదు. చూపించిన బొమ్మను తనకు పంపమని అడిగి ఉంటే కథ వేరుగా ఉండేది. అంతకన్నా మేలు, బొమ్మను నమ్మక సొంత ఖాతాను చూచుకోవడం.

సామాను పట్టుకొని ఆపే హక్కు సంగతి ఇంకా విచిత్రం. ఇంగ్లండులో సత్రం నడిపేవాడు బాకీ తీర్చని బాటసారి పెట్టెను ఆపుకోవచ్చు. 1878 నాటి చట్టం ఆరువారాల తరువాత దానిని వేలం వేయడానికి కూడా అనుమతించింది. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 171వ సెక్షను మొత్తం బాకీ కింద సొత్తు ఆపుకొనే సాధారణ హక్కును బ్యాంకర్లకు, ఫ్యాక్టర్లకు, రేవు గిడ్డంగులవారికి, హైకోర్టు అటార్నీలకు, పాలసీ బ్రోకర్లకు ఇచ్చింది. వసతి ఇచ్చేవాడు ఆ జాబితాలో లేడు. ఉన్నా, తెల్లవారుజామున సంచీతో సహా దిగిపోయినవాడి విషయంలో ఏం లాభం!

ఇల్లు పోగొట్టుకొన్నంత పని అయినవారూ ఉన్నారు. 2008లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన ఎయిర్‌బిఎన్‌బి సంస్థ ద్వారా అదే నగరంలో ఇల్లు అద్దెకిచ్చిన ఒకామెకు 2011లో తిరిగి వచ్చేసరికి ఛిద్రమైన కొంప మిగిలింది. తాళం వేసిన అల్మరా తలుపుకు కన్నం కొట్టి పాస్‌పోర్టు, నగదు, అమ్మమ్మ నగలు పట్టుకుపోయారు. ఆ గొడవ తరువాతే సంస్థ ఇల్లిచ్చేవారికి 50,000 డాలర్ల వరకు హామీ ప్రకటించింది. చెడ్డ సమీక్ష రాస్తామని బెదిరించి డబ్బు వెనక్కు గుంజే అతిథులు మరొక రకం. ఎవరి సమీక్ష చూచి ఎవరు పగ తీర్చుకొంటారోనన్న భయం ఇరువైపులా ఉండడంతో, 2014 నుంచి ఇద్దరి మాటలూ ఒకేసారి బయటపడే ఏర్పాటు చేశారు.

అసలు రానే రాని అతిథి ఇంకొకడు. భిలాయి కర్మాగారానికి కాపలా సి.ఐ.ఎస్.ఎఫ్. దళానిది. ఆ దళంలో అధికారినని, బదిలీమీద వస్తున్నానని ఫోను చేసి, అడ్వాన్సు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటాడు. దేశమంతటా ఇళ్ళు అద్దెకిచ్చేవారిని ముంచిన పాత ఎత్తు ఇది. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు. పిన్ కొడితే డబ్బు పోవడమే. పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే సొమ్ము దారిలోనే నిలిచిపోయే అవకాశం కొంత ఉంటుంది.

మన ‘అతిథి’ శబ్దానికి తిథి నియమం లేకుండా వచ్చేవాడని అర్థం చెబుతారు. ఈనాటి అతిథి తిథి, గంట, గది నంబరు ముందే చెప్పి వస్తాడు. ఆంగ్లంలో ఇల్లిచ్చే ‘హోస్ట్’, వచ్చే ‘గెస్ట్’, శత్రుభావం తెలిపే ‘హాస్టైల్’ – ఈ మూడు మాటలూ ఒకే మూలంనుంచి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు అంటారు. గుమ్మంలో నిలబడిన కొత్తవాడు ఎటు తిరుగుతాడో తెలియని కాలంలో పుట్టిన మాటలవి. పరాయిగడ్డమీద బతికేవారు ఆ అనుమానాన్ని సొంత భాష వినగానే పక్కన పెట్టేస్తారు. టెక్కలి యాస ఆధార్ కార్డు కన్నా గట్టి పూచీకత్తుగా కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసినవాడు అప్పు అడగడానికి ముందు ఊరిపేరు అడుగుతాడు.

తరువాత రెండు నెలలు ఆ ఇంట తెలుగువారికి గది ఇవ్వలేదు. అడిగినవారికి ఖాళీ లేదని చెప్పింది ఆ ఇల్లాలు. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి కాబట్టి ప్రతిసారీ రెండు వాక్యాలు ఎక్కువగా చెప్పేది. ఒకనాటి మధ్యాహ్నం ఇరవయ్యేళ్ళ పిల్ల ఒకతె తండ్రిని ఆటోలో కూర్చోబెట్టి గేటు వద్దకు వచ్చింది. పార్వతీపురం వారట. “గది ఉందాండీ?” అని అడిగింది; ఊరి సంగతి తనంతట తాను ఎత్తలేదు. ఇల్లాలు కొంతసేపు గేటు గొళ్ళెం పట్టుకొని నిలబడింది. తరువాత హిందీవారిని అడిగే స్వరంతోనే, తెలుగులో, కార్డు చూపించమన్నది, మూడు రోజుల అడ్వాన్సు కట్టమన్నది. ఆ పిల్ల నొచ్చుకోలేదు. కార్డు ఇచ్చి, ఫోను తీసి డబ్బు పంపింది. ఇంటాయన ఖాతాలో పడిందని లోపలినుంచి కేక వేసేవరకు ఇల్లాలు గొళ్ళెం తీయలేదు. తీసిన తరువాత ఆటోలోని పెద్దమనిషిని తానే చేయి పట్టి దించింది.

గంజి ఆ సాయంత్రం నుంచే వెళ్ళింది. దానికి వేరే లెక్క రాయలేదు. పద్దుపుస్తకంలో ఇప్పుడు కార్డు చూసినట్టు రాసుకొనేందుకు అయిదవ గడి ఉన్నది. ఆ పదకొండు రోజుల పద్దును మాత్రం కొట్టివేయమని ఇంటాయన ఎన్నిసార్లు చెప్పినా ఆమె కొట్టివేయలేదు. అది ‘రావలసినది’ కిందనే ఉన్నది.