దిబ్బలో దొరికిన రాజు

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి కృష్ణా వారధి దాటి, తెనాలి మీదుగా భట్టిప్రోలు వచ్చాను. దారి పొడవునా చదునైన మాగాణే. అలాంటి నేల మీద ఇంత ఇటుక ఎవరి కోసం పేర్చారన్నది ఈ స్తూపం దిబ్బ ముందు ఎవరికైనా కలిగే సందేహం. రాజు కోసమైతే కాదు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు స్తూప గర్భంలో మూడు రాతి పేటికలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, బుద్ధుడివని నమ్మిన ధాతువులు దొరికాయి. పేటికల మీది లిపిని జార్జ్ బ్యూలర్ చదివి, క్రీ.పూ. 200 ప్రాంతానిదన్నాడు. కుర అనే దాత, అతని తల్లిదండ్రులు, నిగమ సభ్యులు అందులో పేరుపేరునా ఉన్నారు. పెట్టెను ‘మజుస’ అన్నారు. మన మంజూష అదే. ఆ వరసలోనే కుబేరక రాజు, ‘సిహగోఠి’ అనే గోష్ఠికి, అంటే సంఘానికి, ప్రముఖుడు. డెల్టాలో పేరు తెలిసిన తొలి రాజుల్లో ఒకడు మనకు దక్కింది దాతల పట్టికలో! ఇది ఏ రాజసమాధికీ తీసిపోని సాక్ష్యమని నా వాదన.

ఈజిప్టులో అబిడోస్ దగ్గర మొదటి వంశపు రాజు జెర్ సమాధి చూడండి. చుట్టూ 300కు పైగా చిన్న సమాధులు, రాజు వెంట పోవలసి వచ్చిన పరివారానివి. ఆ రాజు ఏలుబడి ఎలాంటిదో ఆ లెక్కే చెబుతుంది. తరవాతి కాలపు జనం దాన్ని ఒసిరిస్ దేవుడి సమాధి అనుకుని కుండలు అర్పించారు. ఆ పెంకుల గుట్టల వల్ల ఆ చోటికి ‘కుండల తల్లి’ అని పేరొచ్చింది. రాజు పేరు మరుగునపడి దేవుడి పేరు నిలిచింది. ఐదువేల ఏళ్ల నాటి ఎడారినీ ఈ డెల్టానీ పోల్చడం తగదని ఎవరైనా అనవచ్చు. నేను పోలుస్తున్నది కాలాన్ని కాదు, రాజు ఎవరి మధ్య నిలబడ్డాడన్నదాన్ని. కుబేరకుడు అసలు రాజే కాదు, సంఘం పెద్దకిచ్చిన బిరుదు అది అనేవారికీ జవాబుంది. అదే నిజమైతే, ఈ డెల్టాలో రాజు అన్న మాట గోష్ఠిలోంచే పుట్టిందనాలి. నా వాదన మరింత బలపడుతుంది. స్తూపమూ సమాధే కదా అంటే, అవును. కానీ అందులోని అస్థి మరొకరిది.

అలాంటి ఈ స్తూపాన్ని మనం కాపాడుకోలేదు. 19వ శతాబ్దంలో దీని ఇటుకలూ రాతి పలకలూ రోడ్లకూ కాలువ కట్టడాలకూ తరలిపోయాయి. ధాతువు కలకత్తా ధర్మరాజిక విహారానికి, కుబేరకుడి పేరున్న పేటిక మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఇక్కడ మిగిలింది ఇటుక.