పంతులమ్మగారి స్కూటరు

రెండవ ప్రపంచ యుద్ధము ముగియునాటికి ఇటలీ దేశమున పోంటెడేరా పట్టణములోని పియాజియో వారి విమాన కర్మాగారము బాంబుల దెబ్బకు శిథిలమై యుండెను. విమానములు కొనువారు లేరు. రోడ్లు గోతులమయము. జనుల చేతిలో కారు కొనదగిన ధనము లేదు. అట్టి దినములలో ఎన్రికో పియాజియో, సామాన్యులకు అందుబాటులో నుండు ఒక చిన్న వాహనమును రూపొందింపుమని కొర్రాడినో దాస్కానియో అను ఇంజనీరును కోరెను. దాస్కానియో హెలికాప్టర్ల నిర్మాణమున ఆరితేరినవాడు. మోటారు సైకిలన్నచో ఆయనకు బొత్తిగా గిట్టదు. నూనె చిమ్మి బట్టలు మాపు ఇంజను, కాలెత్తి దాటవలసిన ఇనుప చట్రము, పంక్చరు పడినప్పుడు చక్రము విప్పుటలోని తంటా — ఇవి ఆయన దానియందు చూచిన దోషములు. కావున ఆయన ఇంజనును రేకు కవచములో దాచెను. గేరును చేతిపిడికి తెచ్చెను. ముందు చక్రమును విమాన చక్రమువలె ఒక ప్రక్కనుండి మాత్రమే పట్టించెను. కూర్చుండువారి ముందు కాళ్ళుంచుటకు విశాలమైన ఖాళీ నేర్పరచెను. 1946లో వెలువడిన ఆ బండి పేరు వెస్పా. ఇటలీ భాషలో ఆ మాటకు కందిరీగ యని అర్థము.

ముందు వదలిన ఆ ఖాళీ చోటు చిన్న విషయముగా తోచవచ్చును గాని, స్త్రీల దృష్టితో చూచినచో స్కూటరులోని గొప్పతనమంతయు అందే కలదు. గౌను తొడిగిన ఇటలీ వనితయైనను, చీర కట్టిన ఆంధ్ర వనితయైనను కాలెత్తి దాటు పని లేకుండ, కుర్చీలో కూర్చున్నట్లు దానిపై కూర్చుండగలదు. అంతకు ముప్పది యేండ్లకు పూర్వమే, 1916లో, స్త్రీల ఓటు హక్కునకై పాటుపడిన ఫ్లారెన్స్ నార్మన్ అను ఆంగ్ల వనిత ఆటోపెడ్ అను చిన్న మోటారు బండిపై నిలుచుండి లండను వీథులలో తన కార్యాలయమునకు పోవుచుండెడిది. ఆ ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది.

మన దేశమునకు స్కూటరు వచ్చిన తరువాత చాలకాలము స్త్రీ స్థానము వెనుక సీటే. అప్పట్లో స్కూటరు కావలెనన్నచో పేరు నమోదు చేయించుకొని ఏండ్ల తరబడి నిరీక్షింపవలసి యుండెడిది. అంత కష్టపడి సంపాదించిన బండిని ఇంటి యజమాని నడుపును; ఇల్లాలు ఒక ప్రక్కకు తిరిగి కూర్చుండి, ఒడిలో బిడ్డను పట్టుకొనును. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో, వెనుక కూర్చుండువారి వస్త్రములు చిక్కుకొనకుండ వెనుక చక్రమున సగమునకు తక్కువ గాకుండ కప్పు కవచము అమర్చవలెనని యొకటి కలదు. జనులు దానినే శారీ గార్డు అందురు. మంచి నిబంధనయే. అయినను చట్టము సైతము చీరను వెనుక సీటుననే ఊహించినదనుట గమనింపదగినది. 1984లో కైనెటిక్ హోండా, 2001లో హోండా యాక్టివా వచ్చి, గేర్ల బెడద తీరి, మీట నొక్కినంతనే ఇంజను కదలు రోజు వచ్చిన పిమ్మట చీర ముందు సీటునకు జరిగెను.

అట్లు జరిగినవారిలో తెనాలి పట్టణమున కాపురముండు ఒక పంతులమ్మ గలరు. ఆమె పనిచేయు పాఠశాల పదునాలుగు కిలోమీటర్ల దూరమున, కాలువ గట్టున నున్న పల్లెలో నుండెను. ఉదయము రెండే బస్సులు. మొదటిది ఎక్కినచో బడి తెరచుటకు గంటన్నర ముందుగా చేరి అరుగుపై కూర్చుండవలెను. రెండవది ఎక్కినచో తొలి గంట దాటిపోవును. ఆటోలో పోదమన్నచో, నలుగురు పట్టు చోట పదిమంది. బడికి ఉపాధ్యాయులు ఇరువురే; తాళపుచెవి ఆమె సంచిలోనే యుండెడిది. ఆమె ఆలస్యమైన దినమున నలువదిమంది పిల్లలు వాకిట నిలిచి రోడ్డు వంక చూచుచుండెడివారు. ఆ చూపులకు సంజాయిషీ చెప్పుకొనుట ఆమెకు అన్నిటికంటె కష్టముగా నుండెను.

2008లో తోటి ఉపాధ్యాయుడొకరు తన స్కూటరు అమ్మదలచెను. 2005 నాటి బండి, గేర్లు లేనిది. వెల ఇరువది రెండు వేలు. పంతులమ్మ తన జీతములో మిగిల్చిన సొమ్ముతో దానిని కొనెను. 29, 30 సంఖ్యలు గల ఫారములు నింపునప్పుడు ఇంటిలో చిన్న చర్చ జరిగెను.

“నా పేర వ్రాయించినచో బీమా, కాగితములు అన్నియు నేనే చూచుకొందును గదా!” అని భర్త అనెను. ఆయన మాటలో దురుద్దేశ్యమేమియు లేదు.

“ఏమండీ, నడుపునది నేను. పోలీసులు ఆపినచో నిలువవలసినది నేను. కాగితము కూడ నా పేరనే యుండనిండు” అని ఆమె బదులు చెప్పెను.

ఆర్.సి. పుస్తకముపై ఆమె పేరే పడెను. అయితే కాగితముపై పేరు పడినంతనే బండి తనదగునా? మన ఇండ్లలో బండి యనునది బావినీటివంటిది. ఎవరికి దాహమైన వారు తోడుకొందురు. ఆదివారము సాయంత్రము మరిది “వదినా, ఇప్పుడే వచ్చెదను” అని తాళము తీసికొని పోయెను. రాత్రి పది గంటలకు తెచ్చి నిలిపెను. సోమవారము ఉదయము బయలుదేరిన పంతులమ్మ మూడు కిలోమీటర్లు పోవునప్పటికి బండి ఆగెను. చూడగా తొట్టిలో పెట్రోలు చుక్క లేదు. ఆనాడు బడి పదిగంటలకు గాని తెరువబడలేదు. ఆ సాయంత్రము ఆమె ఎవరిని కోపించలేదు. తాళపుచెవిని గోడమేకునుండి తీసి, బడి తాళపుచెవితో ఒకే గుత్తికి తగిలించి సంచిలో వేసికొనెను. “అత్తయ్యా, మరిదిగారికి బండి కావలసిన దినమున ముందురోజు చెప్పమనండి” అని మాత్రము చెప్పెను. అత్తగారు రెండు దినములు మాటాడలేదు. మూడవనాడు గుడికి పోవుటకు తానే వచ్చి వెనుక సీటున కూర్చుండెను.

నేర్చుకొను దినములలో నడుపుటకంటె స్టాండు వేయుటయే ఆమెను హెచ్చుగా బాధించెను. నూరు కిలోలు దాటిన బండిని చేతులతో ఎత్తబోయి నడుము పట్టించుకొనెను. ఇది బలము గలవారి పనియని భర్త తీర్మానించెను. కాని మరమ్మతు దుకాణములోని పదునారేండ్ల బక్కపలుచని కుర్రవాడు దానిని సునాయాసముగా చేయుట చూచి ఆమెకు అనుమానము కలిగెను. రహస్యమింతే: ఎడమచేత పిడిని, కుడిచేత సీటు వెనుక కమ్మిని పట్టుకొని, స్టాండు రెండు కాళ్ళును నేలకు సమముగా తగులునట్లు చూచి, దాని మీటపై కుడిపాదముంచి మనిషి బరువంతయు దిగవిడువవలెను. బండి తనంత తానే వెనుకకు లేచి కూర్చుండును. చేతులు లాగవలసినది లేదు. దారి చూపిన చాలును. ఇది గునపముతో బండరాయిని పెకలించు సూత్రమే.

కృష్ణా డెల్టాలో బండి నడుపువారికి రెండు గండములు. వానకాలమున పొలముల ట్రాక్టర్లు తెచ్చి రోడ్డుపై పరచు నల్లరేగడి బురద మొదటిది. అది చక్రమునకును మడ్గార్డునకును నడుమ కూరుకొని, ఎండి, రాయియై చక్రమును పట్టివేయును. అందుకై ఆమె సీటు క్రింద ఒక వెదురు పుల్ల ఉంచుకొనెను. ఇనుము వాడినచో టైరు చిల్లుపడునని ఆమె భయము. రెండవ గండము కోతల దినములలో రోడ్డుపై ఆరబోసిన ధాన్యము. దానిపై ముందు బ్రేకు పట్టినచో చక్రము గోలీలపై పడినట్లు జారును. ధాన్యము కనబడకమునుపే వేగము తగ్గించి, బ్రేకు ముట్టక నిటారుగా సాగిపోవలెను. ఇది ఏ శిక్షణ పుస్తకములోను లేదు. ఒకసారి మోచేయి చెక్కుకొని ఆమె నేర్చుకొనినది.

అక్టోబరు మాసమున ఒకనాడు వాయుగుండపు వానలో కాలువ గట్టుపై బండి ఆగెను. దారినపోవు ఇరువురు రైతులు పరుగున వచ్చిరి. “మీరు ప్రక్కకు జరగండమ్మా” అని ఒకరి తరువాత ఒకరు ఇరువదిసార్లు కిక్కు కొట్టిరి. పెట్రోలు వాసన గుప్పుమనెను గాని ఇంజను కదలలేదు. పంతులమ్మ కొంతసేపు ఓపికపట్టి, “బాబాయ్, ఇంక కొట్టవద్దు; లోపల పెట్రోలు నిండినది” అనెను. గొడుగు పట్టుమని వారిలో పెద్దవానికి చెప్పి, చిన్న మూత విప్పి, ప్లగ్గు పైని రబ్బరు టోపీని లాగి తుడిచెను. సామానుల సంచిలోని స్పానరుతో ప్లగ్గు విప్పగా అది పెట్రోలుతో తడిసి నల్లగా నుండెను. ప్లగ్గు కొసల నడుమ వెంట్రుక వంటి సందున నిప్పురవ్వ ఎగిరినప్పుడే లోపలి పెట్రోలు ఆవిరి మండును. తడిసిన ప్లగ్గున నిప్పురవ్వ ఎగురదు. ఆమె ప్లగ్గు లేకుండనే నాలుగు కిక్కులు కొట్టించి లోపలి తడిని వెళ్ళగొట్టి, పొట్లములో దాచిన పొడి ప్లగ్గు బిగించెను. ఇంజను రెండవ కిక్కునకు పలికెను. గొడుగు పట్టిన రైతు, “మా కోడలికి కూడ ఈ విద్య చెప్పండమ్మా” అని, కొంచెమాగి, “దానికింకా బండి లేదులెండి” అనెను.

రోడ్డుపై గెలుచుట సులభము. మరమ్మతు దుకాణమున గెలుచుట కష్టము. తొలుత ఆమె అచటికి పోయినప్పుడెల్ల “సారును పంపండమ్మా, ఆయనతో మాటాడెదము” అను మాట వినవలసి వచ్చెను. తెలియనివారు వచ్చినప్పుడు బాగున్న సామాను కూడ మారినదనుట కొన్నిచోట్ల కలదు. స్త్రీ వచ్చినచో ఆ ఆశ హెచ్చగును. పంతులమ్మ దీనికి బడి పద్ధతినే అవలంబించెను. ఒక నోటుపుస్తకము కుట్టి, తేది, మీటరుపై కిలోమీటర్లు, మార్చిన సామాను, వెల అను గళ్ళు గీసెను. ఇంజను నూనెను వెదురు పుల్ల వంటి కొలబద్దతో పదునైదు దినముల కొకసారి చూచుకొనును. చక్రములలో గాలి, బండి పుస్తకములో వ్రాసినట్లు ముందు 22, వెనుక 29 పౌండ్లుండవలెను. గాలి తగ్గినచో టైరు అరుగుట యటుంచి, పెట్రోలు కూడ హెచ్చుగా త్రాగును. మార్చిన పాత సామాను తన చేతికీయవలెనని ముందే చెప్పును. ఒకమారు మెకానిక్కు “బెల్టు తెగుటకు సిద్ధముగా నున్నదమ్మా” అనెను. ఆమె నోటుపుస్తకము తెరచి, బెల్టు మార్చి నాలుగువేల కిలోమీటర్లే యైనదని చూపెను. అతడు నవ్వి, “అయితే దుమ్ము దులిపి వేసెదను లెండి” అనెను. అటు తరువాత సారు ప్రసక్తి రాలేదు.

వ్యయమును గూర్చి చెప్పవలెనన్నచో, రాకపోకలు ఇరువదియెనిమిది కిలోమీటర్లకు లీటరులో మూడింట రెండు వంతుల పెట్రోలు సరిపోయెడిది. సంపాదన మాత్రము కాలము రూపమున వచ్చెను. సాయంత్రము బస్సు కొరకు నిలువవలసిన పనిలేక, చదువులో వెనుకబడిన పిల్లలను అరగంట కూర్చుండబెట్టి ఎక్కములు వల్లెవేయించి కూడ, దీపాలవేళకు ముందే ఇల్లు చేరుచుండెను. హెల్మెట్టు విషయమున తోటి ఉపాధ్యాయినులు జడలోని పూలు నలుగునని నవ్వెడివారు. ఆమె పూలను హెల్మెట్టు తీసిన పిమ్మట బడిలో పెట్టుకొనెడిది. పైటకొంగును మాత్రము నడుమున దోపి, పిన్ను పెట్టి, చుట్టును తడవి చూచుకొనిన గాని బండి కదలనిచ్చెడిది కాదు.

మధ్యలో బదిలీ యయ్యెను, దూరము పెరిగెను. బండి ముసలిదయ్యెను. 2018 డిసెంబరులో ఆమె క్రొత్త స్కూటరు కొనెను. దానికి ట్యూబులు లేని టైర్లు. ఒక మీట నొక్కినచో రెండు చక్రములకును బ్రేకు పడును. ఆ యేటి సెప్టెంబరునుండి వచ్చిన నియమము ప్రకారము మూడవ పక్షపు బీమా ఒక్కమారే ఐదేండ్లకు కట్టవలసి వచ్చెను. పాత బండిని ప్రక్క పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రమున పనిచేయు ఒక నర్సు అడిగెను. ఆమెకు నాలుగూళ్ళు, టీకాల పెట్టె భుజాన తగిలించుకొని నడచి తిరుగుచుండెను. పంతులమ్మ బండిలోని లోపములన్నియు దాచక చెప్పెను: ముందు బ్రేకు కొంచెము మెత్తన, చలికాలమున ఉదయము కిక్కే కొట్టవలెను, రిజిస్ట్రేషను 2020 వరకే, పిమ్మట మరల పరీక్ష చేయించవలెను. ఫారములపై సంతకము పెట్టి, తాళపుచెవులు రెండును, పొడి ప్లగ్గు పొట్లమును, వెదురు పుల్లను, నోటుపుస్తకమును అప్పగించెను. నోటుపుస్తకమున చివరి పుటలు తొమ్మిది ఖాళీగా నుండెను. నర్సు దానిని తిరుగవేసి చూచి మూసి, బండి ప్రక్కకు వచ్చి నిలిచి, “అక్కా, ముందుగా ఆ స్టాండు వేయుట చూపించండి” అనెను.