బెంచీ మీద పేరు

ఏప్రిల్ 24, 2025

పన్నెండేళ్ల కిందట ఇదే రోజు ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా కూలింది. 1,100 మందికి పైగా పోయారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. కింద ఉన్న బ్యాంకు మూసేశారు, పైన బట్టలు కుట్టేవాళ్లను మాత్రం తెల్లారి లోపలికి తోలారు. ఆ బట్టలు అమ్ముకున్న విదేశీ బ్రాండ్లలో కొన్ని, ఆర్డరిచ్చింది తామేనని ముందు ఒప్పుకోనేలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

ఏప్రిల్ 27

సెలవులు. బడి గదులు సర్దించాను. ఒక కంపెనీ ఇచ్చిన బెంచీలు, ఒక్కోదాని వీపున పెద్ద అక్షరాలతో పేరు. పిల్లలు నేల మీంచి లేచారు, ఆ సంతోషం నిజమే.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. లాభమెంతో ఆ సెక్షన్ అడుగుతుంది, ఎలా వచ్చిందో అడగదు. సొంత కార్మికులకే చేసే మేలు మాత్రం ఆ లెక్కలోకి రాదు. అది సబబే. జీతం దానం కాదు.

మే 3

పక్కింటి వదిన ఫోన్ తెచ్చి ఇచ్చింది. అన్న గల్ఫ్ క్యాంపు నుంచి.

"తమ్మీ, ఐదు నెలలసంది జీతం లేదు. ఒచ్చేద్దామంటే పాస్‌పోర్టు ఆఫీసుల పెట్టుకున్నరు. ఈడ జీతం ఆగింది గని ఆడ మిత్తి ఆగుతలేదు గదా."

ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ. అన్న కట్టింది లక్షన్నర. నూటికి రెండు రూపాయల మిత్తి, అంటే నెలకు మూడు వేలు. పనిలో పెట్టుకునే ఖర్చు కార్మికుడి నెత్తిన వేయొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతూనే ఉంది. ఆ ఖర్చు కంపెనీ భరించి ఉంటే ఈ అప్పే లేదు.

మే 4

నిద్ర పట్టలేదు. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వమే గల్ఫ్ కొలువుల కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గించింది. ఉన్న పనులు వేరే దేశాల వాళ్లకు పోకూడదన్నారు. తెలంగాణ నుంచి కోర్టుకెక్కాక, 2021లో వెనక్కి తీసుకున్నారు.

తక్కువ కూలైనా అసలు లేనిదానికంటే నయమనే మాటను తీసిపారేయలేను. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని బతికిన పల్లెలు మావి. మా వాడలో పెంకుటిళ్లు డాబాలైంది ఆ పైసలతోనే. కానీ తక్కువ ఇవ్వడం వేరు, చేయించుకుని ఎగ్గొట్టడం వేరు. పాస్‌పోర్టు పట్టుకుని కూర్చోవడానికి ఏ పేదరికమూ సాకు కాదు.

మే 11

వదినతో కూర్చుని విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నింపాం. కంపెనీ పేరు దగ్గర ఆగిపోయాం. ఆమె దగ్గరున్నది ఏజెంటు నంబరు ఒక్కటే, అది కలవడం లేదు. అన్న ఫోన్ కూడా పొద్దుటి నుంచి ఆగిపోయి ఉంది. చివరికి ఆయన పండక్కి పంపిన ఫొటో పెద్దది చేసి, చొక్కా జేబు మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని రాశాం.