స్కాలర్‌షిప్పు వాళ్లు లేచి నిలబడండి

(తరగతి గది కబుర్లు – 9)



ఇన్నాళ్లూ ఇక్కడ ఎదుటివాళ్లు మనకి చేసినవే రాశాను. ఈసారి నేను చేసింది రాస్తున్నాను. రాయాలా వద్దా అని రెండు వారాలు ఆగాను. ఆగేకొద్దీ ఆ రోజు జరిగింది నా బుర్రలో నాకు అనుకూలంగా మారిపోతోంది. ఇంకా ఆగితే నా తప్పేమీ లేదని నేనే నమ్మేస్తానేమోనని భయమేసి ఇవాళ కూర్చున్నాను.

జూలై మొదటివారం. మూడో సెమిస్టర్ మొదలైన రోజు. నేను పనిచేసే కాలేజీ రామచంద్రపురంలో ఉంది. పేరు వద్దు. నేను గంటల లెక్కన జీతం తీసుకునే లెక్చరర్‌ని. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ పట్టా బీరువాలో ఉంది, ఉద్యోగం మాత్రం ఏ సెమిస్టర్‌కి ఆ సెమిస్టర్‌దే. అందుకని కొత్త సెమిస్టర్ అంటే పిల్లలకే కాదు, మాకూ గుండె దడే. టైంటేబుల్‌లో మన పేరు ఉందని చూసుకున్నాకే టీ గొంతు దిగుతుంది.

ఆ రోజు నా పేరు ఉంది. బీకాం రెండో సంవత్సరంలో ఒక సెక్షన్‌కి మెంటర్‌గా కూడా వేశారు. సంతోషంగా క్లాసుకి వెళ్లాను. సెలవుల తర్వాత పిల్లల్ని చూడడం నాకు భలే ఇష్టం. ఎండలో పనికెళ్లి నల్లబడి వచ్చినవాళ్లు, హైదరాబాద్‌లో క్యాటరింగ్ పనిచేసి కొత్త ఫోను కొనుక్కొచ్చినవాడు, మేనమామ కొడుకుతో పెళ్లి తప్పించుకుని వచ్చిన పిల్ల. మొదటి సెమిస్టర్‌లో తలెత్తనివాళ్లు మూడో సెమిస్టర్‌కి ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఆ మార్పు చూడడానికే నేనీ ఉద్యోగంలో ఉన్నానని కూడా అనుకుంటూ ఉంటాను.

హాజరు వేయడం అయిపోతుండగా అటెండర్ వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఆఫీసు నుంచి వచ్చింది. పద్నాలుగు పేర్లు. పేరు పక్కన కేటగిరీ. దాని పక్కన ఎంత బాకీ ఉందో ఆ అంకె. కింద ఒక్క వాక్యం, క్లాసులో తెలియజేసి సంతకాలు తీసుకోమని.

నేను ఏమీ ఆలోచించకుండా, "స్కాలర్‌షిప్పు వాళ్లు లేచి నిలబడండి" అన్నాను.

పేర్లు చదివాను. బాకీలు చదివాను. పదమూడు మంది నిలబడ్డారు. పద్నాలుగో పేరు రెండుసార్లు పిలిచాను. ఆ అమ్మాయి రెండో బెంచీలోనే ఉంది. నన్నే చూస్తోంది. లేవలేదు. "ఏమ్మా, వినబడలేదా?" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఇంతలో బెల్లు కొట్టారు.

మర్నాటి నుంచి ఆ అమ్మాయి కాలేజీకి రాలేదు.

*

ఆ మాట నాకు కొత్తది కాదు. నేను డిగ్రీ చదివినప్పుడు మాకు సెమిస్టర్లు లేవు, ఏడాదికోసారి పరీక్షలు. పీజీకి వెళ్లాకే సెమిస్టర్ అంటే ఏమిటో చూశాను. ఆ మొదటి సెమిస్టర్ మొదటి రోజు ఫీజు కిటికీ దగ్గర గుమస్తా అన్నాడు, "స్కాలర్‌షిప్పు వాళ్లు పక్కకి నిలబడండి, డబ్బు కట్టేవాళ్లు ముందు రండి" అని. మేం పక్కకి నిలబడ్డాం. మధ్యాహ్నం రెండున్నర దాకా నిలబడే ఉన్నాం. వరసలో మా వెనక ఉన్నవాళ్లు ముందుకెళ్లి, కట్టేసి, క్యాంటీన్‌లో భోజనం చేసి మళ్లీ మా ముందు నుంచే వెళ్లారు.

సాయంత్రం క్లాసులో పరిచయాలు. పేరు చెప్పాను. "పూర్తి పేరు?" ఇంటిపేరుతో చెప్పాను. "ఏ ఊరు?" చెప్పాను. "ఊళ్లో ఎక్కడ?" అన్నారు. ఈ చివరి ప్రశ్న ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. మన గోదావరి జిల్లాల్లో ఊరికొక పేట ఉంటుంది, ఆ పేట పేరు చెబితే ఇక కులం అడిగే పని ఉండదు.

నేను పాఠం చెప్పే రోజు వస్తే ఆ ప్రశ్న అడగకూడదని ఆ రోజే అనుకున్నాను. ఇన్నేళ్లలో ఏ విద్యార్థినీ ఊళ్లో ఎక్కడ అని అడగలేదు. దాంతో నేను మంచి టీచర్ననే నమ్మకం వచ్చేసింది. ఆఫీసు కాగితం అదే పని ఇంకో రకంగా నా చేత చేయించింది, నాకు తెలియనే లేదు. మా ఇంట్లో అంబేద్కర్ ఫొటో ఉంది, నా క్లాసులో జాషువా పాఠం ఉంది. ఆ పూట రెండూ నన్ను ఆపలేదు.

*

తొమ్మిదో రోజు ఆదివారం. ఆ అమ్మాయి ఊరు వెళ్లాను. ద్రాక్షారామం రోడ్డులో ఆటో దిగి కాలువ గట్టు మీద నడవాలి. ఊడ్పుల రోజులు. దమ్ము చేసిన చేలల్లో ఆడవాళ్లు వరసగా వంగి ఉన్నారు. ఆకు కట్టలు గట్ల మీద విసిరేసి ఉన్నాయి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా బతుకు కాలువ నీళ్ల లెక్క మీదే నడుస్తోంది. నీళ్లు వదులుతారు, ఆకుమళ్లు పోస్తారు, జూలైలో ఊడ్పులు. భూమి లేని ఇళ్లకి ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు తగిలే రోజులవి. యూనివర్సిటీ క్యాలెండర్ ప్రకారం సెమిస్టర్ మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే 75 శాతం హాజరు ఉండాలి. చేలోకి వెళితే హాజరు పోతుంది. వెళ్లకపోతే బస్సు పాసుకీ, పుస్తకాలకీ డబ్బు ఉండదు. ఈ లెక్క మన పిల్లలు పద్దెనిమిదేళ్లకే వేసుకుంటారు. బీకాంలో నేర్పే అకౌంట్స్ దాని ముందు ఎంత!

ఇంటి దగ్గర అమ్మమ్మ ఉంది. నన్ను చూసి కంగారుగా లేచింది.

"మేడంగారండీ, పిల్ల ఏవన్నా తప్పు సేసిందాండీ?"

"లేదమ్మా, కాలేజీకి రావట్లేదని వచ్చాను."

"ఊడ్పులకి ఎల్తందండి. ఎల్లొద్దంటే ఇనదండి. ఆళ్లమ్మ కువైట్‌లో ఉందండి, ఇళ్లల్లో పని. మూడు నెల్ల నించి సరిగా పంపట్లేదండి, ఆ సేటు ఇవ్వట్లేదంట." కుర్చీ తుడిచి వేసింది. "మీదే ఊరండీ?"

చెప్పాను. చెప్పి, ఆవిడ అడగకుండానే, ఊళ్లో ఎక్కడో కూడా చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసి, "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, మనోళ్లమ్మాయివేనా! కూకో అమ్మాయ్, టీ ఎడతాను" అంది. మేడంగారు పోయి అమ్మాయ్ వచ్చింది. నన్ను అన్నాళ్లు బాధపెట్టిన ప్రశ్న ఆ ఇంట్లో నాకు పీట వేసింది.

అమ్మాయి పొలం నుంచి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. నన్ను చూసి ఆగిపోయింది. కాళ్లు కడుక్కుని వచ్చి ద్వారబంధం దగ్గర నిలబడింది. నేను ఫీజు గురించి ఏదో చెప్పబోయాను, ప్రభుత్వం నుంచి రావడం ఆలస్యమైతే అది నీ బాకీ కాదని, భయపడొద్దని.

"అది తెలుసు మేడమ్" అంది. "నాకు ఫీజు గురించి కాదు."

"మరి?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఆఫీసులో గుమస్తా గారు చదివితే నిలబడేదాన్ని మేడమ్. ఇంటర్ నుంచీ నిలబడుతూనే ఉన్నాను, అలవాటే. మీరు చదివేసరికి కాళ్లు రాలేదు."

ఇంకొంచెం ఆగి, "మొదటి సంవత్సరంలో మీరు గబ్బిలం కథ చెప్పారు కదా. గుళ్లోకి రానివ్వనివాడు గబ్బిలంతో కబురు పంపుకున్నాడని. అప్పుడే మీరు మనవాళ్లని నాకు తెలిసిపోయింది. క్లాసులో ఎవరికీ చెప్పలేదు" అంది.

నాకు నోట మాట రాలేదు. "తప్పు నాదేనమ్మా" అన్నాను. ఆ అమ్మాయి తల ఊపింది. కాదని మాత్రం అనలేదు. అలా అననందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం పెరిగింది.

"బుధవారంతో మా గుత్త అయిపోద్ది మేడమ్. గురువారం వస్తాను" అంది.

*

తిరుగు ఆటోలో వెంకటాయపాలెం గుర్తొచ్చింది. మా మండలంలోదే ఆ ఊరు. 1996 డిసెంబర్ 29న ఐదుగురు దళితుల్ని హింసించి, అందులో ఇద్దరికి శిరోముండనం చేశారు. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2024 ఏప్రిల్ 16న. ఇరవై ఏడేళ్లు పైనే పట్టింది. నేను చేసినదాన్ని దానితో పోల్చడం లేదు, పోలిస్తే ఆ బాధితులకి అన్యాయం చేసినట్టే. ఒక్క సంగతి మాత్రం ఆలోచించాను. అవమానం చేసేవాడికి చూసేవాళ్లు కావాలి. నలుగురూ లేకపోతే గుండు గియ్యడంలో వాడికి దక్కేదేముంది? ఆ కాగితంలో ఉన్నది పద్నాలుగు మందికి విడివిడిగా చెప్పొచ్చు. అరవై మంది ముందు చదవడం వల్ల ఆఫీసుకి ఒక్క రూపాయి ఎక్కువ రాదు. మరి ఎందుకు చదువుతున్నాం?

ఎందుకంటే స్కాలర్‌షిప్పు అంటే దానం అని మన బుర్రల్లో కూడా ఎక్కడో కూర్చుంది. దానం తీసుకునేవాడు నలుగురిలో చెయ్యి చాపాలి కదా!

విద్యార్థి మిత్రులు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలైంది 1944లో. అప్పుడు అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. 1942లోనే ఆయన వైస్రాయ్‌కి ఇచ్చిన వినతిపత్రంలో మన పిల్లల పైచదువులకి నిధులు అడిగారు. 1913లో కొలంబియాకి బరోడా మహారాజా స్కాలర్‌షిప్పు మీదే వెళ్లిన మనిషి ఆయన. గడువు అయిపోయిందని 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావలసి వచ్చింది. డబ్బు ఆగితే చదువు ఎలా తెగుతుందో ఆయనకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒక రాజు దయ మీద ఆధారపడ్డ మనిషి, తన తర్వాత వచ్చేవాళ్లు ఎవరి దయ మీదా ఆధారపడకూడదని దాన్ని ప్రభుత్వం బాధ్యతగా మార్పించాడు.

మన కోనసీమ మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగి అయ్యే కథ. అది చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బళ్లో వేశామని చెప్పిన ముసలివాళ్లు మా పేటలోనూ ఉన్నారు. ఆ పిల్లల మనవరాళ్లే ఇవాళ మన క్లాసుల్లో కూర్చున్నారు.

రోహిత్ వేముల చివరి ఉత్తరం మీకు తెలుసు. 2016 జనవరి 17. తనకి రావలసిన ఏడు నెలల ఫెలోషిప్పు తన వాళ్లకి అందేలా చూడమని అందులో రాశాడు. ఆ ఉత్తరంలో నక్షత్రాల గురించిన మాటలే మనం ఎక్కువ తలుచుకుంటాం. ఆ ఏడు నెలల లెక్క కూడా తలుచుకోవాలి.

*

సోమవారం క్లాసులో ముందుగా, "ఎవరూ లేవొద్దు, నేను నిలబడే చెబుతాను" అన్నాను. ఇంటర్ నుంచి పీహెచ్‌డీ దాకా స్కాలర్‌షిప్పుల మీదే చదివానని చెప్పాను. మొన్న చేసింది తప్పని చెప్పాను. ఆ అమ్మాయి పేరు ఎత్తలేదు. క్లాసు నిశ్శబ్దంగా విన్నది. పిల్లలు మారిపోయారని చెప్పను. వెనక బెంచీ కుర్రాడొకడు చెయ్యెత్తి, "మరి మా డబ్బులు ఎప్పుడొస్తాయి మేడమ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కొన్నాళ్లు తల్లుల ఖాతాలో వేశారు, తర్వాత కాలేజీ ఖాతాకే అన్నారు. ఖాతా మారింది కానీ ఎదురుచూపు మారలేదు.

ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా అడిగాను. లిస్టులో కేటగిరీ గడి తీసెయ్యమని, బాకీ సంగతి ఎవరిది వాళ్లకే చెప్పమని. పని పెరుగుతుందన్నారు. సంతకాలు నేనే విడివిడిగా తీసుకుంటానన్నాను. నా సెక్షన్ వరకు ఒప్పుకున్నారు. ఒక సహోద్యోగి, "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నారు. చిన్నదే సార్, అందుకేగా ఇన్నేళ్లూ ఎవరూ మార్చలేదు అన్నాను.

గురువారం ఆ అమ్మాయి వచ్చింది. రెండో బెంచీలోనే కూర్చుంది. నీళ్లలో నాని తెల్లబడ్డ వేళ్లతో పెన్ను పట్టుకుంది. హాజరు లెక్క చూస్తే ఇక నవంబర్ దాకా పెద్దగా మానడానికి వీల్లేదు. నవంబర్ వచ్చేసరికి కోతలు వస్తాయి. ఈ సెమిస్టర్ ఎలా గట్టెక్కుతుందో నాకు తెలియదు.

లెక్చరర్ మిత్రులకి, ముఖ్యంగా మనవాళ్లకి ఒక మాట. వచ్చే సెమిస్టర్ మొదటి రోజు మీ చేతికీ అలాంటి కాగితం వస్తుంది. చదివే ముందు ఒక్క నిమిషం ఆగండి. విద్యార్థి మిత్రులకి ఇంకో మాట. మేం ఆగకపోతే, ఆ అమ్మాయిలాగే లేవకుండా కూర్చోండి. కాలేజీ మాత్రం మానొద్దు.

జై భీమ్.